లైను తెగుతుందని తెలిసి రాసిన ప్రోగ్రాములు

(చెన్నైలో తెలుగు మిత్రులు ఏర్పాటు చేసుకున్న ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే. మైకు కొంచెం గురగురమంటోంది. నాకు పాత మోడెమ్ గుర్తొస్తోంది, అదే, ఫోన్ లైను మీద కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే పరికరం. అలాగే ఉంచేయండి.

పాత కంప్యూటర్ కబుర్లు చెప్పమని నన్ను పిలిచారు. నాకు తెలిసిన కబుర్లు ఒక్క రకానివే. 1996 నుంచి ఐదారేళ్లు ఈ ఊళ్లో మనవాళ్ల ఇళ్లకు తిరిగి మోడెమ్‌లు బిగించి, ఈమెయిల్ పెట్టిచ్చేదాన్ని. టి.నగర్, కోడంబాక్కం, వడపళని, అటు పెరంబూరు దాకా. ఆ ఏడే ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయింది. నేనేమో అప్పటికే మద్రాసు అని ఐదువందల విజిటింగ్ కార్డులు కొట్టించుకుని కూర్చున్నాను. అవి అయిపోయేదాకా నాకు ఊరు మద్రాసే.

నన్ను పిలిచే ఇళ్లు దాదాపు ఒకేలా ఉండేవి. పిల్లలు అమెరికాలో. ఐ.ఎస్.డి. చేస్తే మాట్లాడుతున్నంతసేపూ గుండెల్లో మీటరు తిరిగేది. "ఎలా ఉన్నావు, ఏం తిన్నావు" అనేలోపే పెట్టేయాలి. పిల్లలే కంప్యూటర్ కొనిపెట్టి, ఈమెయిల్ పెట్టించుకోమని పోరేవాళ్లు. నేను వెళ్లి గంట కొడితే పెద్దాయన తలుపు తీసి, నా భుజం మీదుగా వీధిలోకి చూసి, "మెకానిక్ వెనకాల వస్తున్నాడామ్మా?" అనేవారు. (నవ్వులు) కాదు మామగారూ, నేనే మెకానిక్‌ని అంటే, "ఆహా" అని లోపలికి పిలిచి ముందు కాఫీ ఇచ్చేవారు. పని తరువాత.

మా నాన్న నెల్లూరులో ఒక బియ్యం కొట్లో పద్దులు రాసేవాడు. పంపినవాడి పుస్తకంలో నలభై బస్తాలు, అందుకున్నవాడి పుస్తకంలో ముప్పైతొమ్మిది ఉంటే ఆ రాత్రి ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ ఒక్క బస్తా దారిలో పడిపోయిందా, దించి రాయడం మరిచారా, రాసి దించడం మరిచారా అని తేలాలి. నేను బాగుచేసిన మెయిల్ ప్రోగ్రాములన్నిట్లో ఉన్న తగాదా ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది నాకు. ఇవాళ చెప్పేదంతా ఆ బస్తా కథే.

అసలు ఆఫ్‌లైన్ ఎందుకు? ఇక్కడున్న కుర్రవాళ్లకు ఇది చెప్పాలి. ఉత్తరం ఇంట్లో రాసుకుని పోస్టాఫీసుకు వెళ్తాం గానీ, కౌంటర్ దగ్గర నిలబడి, వెనక జనం తోస్తుంటే ఆలోచించి రాయం కదా. ఫోన్ లైను ఆ కౌంటర్. డయల్ చేసినప్పటినుంచి ఫోన్ బిల్లు ఒకవైపు, ఇంటర్నెట్ అకౌంట్‌లో గంటలు ఒకవైపు కరిగిపోయేవి. పైగా ఆ సమయంలో ఇంటికి ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్. కాబట్టి డయల్ చెయ్యి, వచ్చినవి లాక్కో, రాసినవి తోసెయ్యి, పెట్టెయ్యి. చదవడం, జవాబు రాయడం అంతా లైను లేకుండా. ఈ పద్ధతికి రాసినవే ఆఫ్‌లైన్ ప్రోగ్రాములు.

ఇది ఇంటర్నెట్ కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన ఫిడోనెట్‌లో కంప్యూటర్లు రాత్రిపూట ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాల మూటలు మార్చుకునేవి. అంతకుముందే యునిక్స్ అనే వ్యవస్థతో నడిచే యంత్రాలు యు.యు.సి.పి. అనే పద్ధతిలో అదే పని చేసేవి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1979లో అనుకుని, 1980లో నడిపించిన యూజ్‌నెట్ అనే చర్చావేదిక కూడా మొదట ఆ ఫోన్ల మీదే పాకింది. మన దేశంలో ఐ.ఐ.టి. మద్రాసు లాంటి చోట్ల ఎర్నెట్ అని చదువుల సంస్థల నెట్‌వర్క్ ఉండేది. బెంగళూరులో అతుల్ చిట్నిస్ నడిపిన సి.ఐ.ఎక్స్. అనే బులెటిన్ బోర్డు, అంటే జనం మోడెమ్‌తో ఫోన్ చేసి సందేశాలు పెట్టుకునే కంప్యూటర్, ఉండేది. మామూలు జనానికి మాత్రం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ తలుపు తీశాకే. విద్యార్థులకు ఏడాదికి 500 రూపాయల షెల్ అకౌంట్. అందులో బొమ్మలు లేవు, నల్లటి తెర మీద అక్షరాలే.

చరిత్ర చాలు. మోడెమ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే సగం రోజు అక్కడే పోయేది.

మోడెమ్ రిచీ స్ట్రీట్‌లో కొనేవాళ్లం. మౌంట్ రోడ్డు మీంచి లోపలికి మళ్లితే ఇరుకు సందు, రెండువైపులా పెట్టెంత కొట్లు, రెసిస్టర్ నుంచి రాడార్ దాకా దొరుకుతుందని జనం అనేవారు. రాడార్ నేను చూడలేదు. కంప్యూటర్ లోపల బిగించే కార్డు మోడెమ్ చవక, బయట పెట్టేది ఖరీదు. అందరూ లోపలిదే తెచ్చేవారు. అక్కడే మొదటి గొడవ.

కోడంబాక్కంలో ఒక డాక్టర్‌గారు, రిటైరయ్యారు. "అమ్మాయ్, డయల్ బాగానే చేస్తోంది, నేను మౌస్ కదిపితే చచ్చిపోతోంది" అన్నారు ఫోన్‌లో. నేను వెళ్లేసరికి బల్లను ఈశాన్యం మూలనుంచి తీసి పడమటి గోడకు వేసి ఉన్నారు. ఎవరో వాస్తు చెప్పారట. నిజానికి తగాదా పెట్టె లోపలే ఉంది. పాత పీసీలో మౌస్, మోడెమ్ లాంటివి తగిలించే కామ్ పోర్టులు నాలుగు ఉండొచ్చుగానీ, అవి ప్రాసెసర్‌ని పిలిచే గంటలు రెండే. ఆ గంట పేరు ఐ.ఆర్.క్యు. కామ్1, కామ్3 ఇద్దరికీ ఐ.ఆర్.క్యు. 4. కామ్2, కామ్4 ఇద్దరికీ ఐ.ఆర్.క్యు. 3. డాక్టర్‌గారి మౌస్ కామ్1 మీద ఉంది, కొట్టువాడు మోడెమ్‌ని కామ్3కి పెట్టి పంపాడు. ఒకే గంటకు ఇద్దరు నౌకర్లు. మౌస్ కదిపితే మోడెమ్ మాట ఎవరూ వినరు. కార్డు మీద జంపర్ రెండు పిన్నులు జరిపి కామ్2 చేశాను, అయిపోయింది. డాక్టర్‌గారు బల్లను మాత్రం మళ్లీ జరపలేదు. పడమటి గోడకు వేసినందువల్లే పనిచేస్తోందని ఆయన నమ్మకం. (నవ్వులు) నేనూ వాదించలేదు. ఫీజు ఇచ్చారు.

రెండోది డయల్‌టోన్. విదేశాలకని తయారైన మోడెమ్ మన ఎక్స్‌ఛేంజ్ ఇచ్చే టోన్‌ని గుర్తుపట్టేది కాదు. చెవికి స్పష్టంగా వినబడుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం "నో డయల్‌టోన్" అని వస్తుంది. మోడెమ్‌కి ఇచ్చే ఆజ్ఞలన్నీ ఏటీతో మొదలవుతాయి. దీనికి మందు ఏటీ తరువాత ఎక్స్ 3. అంటే, టోన్ కోసం చూడకు, కళ్లు మూసుకుని నంబర్ తిప్పెయ్ అని. కొన్ని వీధుల్లో ఇంకా పాత ఎక్స్‌ఛేంజీలే, బటన్ టోన్లు పట్టవు. అక్కడ ఏటీడీటీ బదులు ఏటీడీపీ, టకటకమని పల్స్. ఈ రెండూ నా అరచేతి మీద పెన్నుతో రాసుకుని తిరిగేదాన్ని.

మూడోది మేడ మీద ఫోన్. ఒకే లైను, కింద హాల్లో ఒకటి, పైన పడకగదిలో ఒకటి. కింద మెయిల్ దిగుతుంటే పైన ఎవరో రిసీవర్ ఎత్తి "హలో, హలో" అంటారు. తెర మీద ముగ్గుపిండి చల్లినట్టు చెత్త అక్షరాలు, కనెక్షన్ పోతుంది. కొంతవరకు దీనికీ మందుంది. మోడెమ్‌లో ఎస్ 10 అని ఒక రిజిస్టర్. అవతలి కూత వినబడకపోతే ఎంతసేపు ఓపిక పట్టాలో అందులో సెకనులో పదో వంతుల లెక్కన రాసి ఉంటుంది. మామూలుగా 14, అంటే 1.4 సెకన్లు. నేను 100 పెట్టేదాన్ని. పది సెకన్లలో పైవాళ్లు "ఏమిటీ గోల" అని పెట్టేస్తే బతికేది. పెట్టకుండా వింటూ కూర్చుంటే ఏ రిజిస్టరూ కాపాడదు.

ఇప్పటిదాకా చెప్పింది తీగ కథ. ఇక పద్దుల కథ.

మొట్టమొదట నేను ఎదురుదెబ్బ తిన్నది ఫోన్ లైను లేని చోట. అప్పుడు చదువుకుంటున్నాను. చదివే చోట ఒక యునిక్స్ యంత్రం ఉండేది, అందులోకి న్యూస్‌గ్రూపులు, అంటే యూజ్‌నెట్‌లో ఒక్కో విషయానికి ఉండే చర్చలు, వచ్చేవి. ఇంట్లో నాకు డాస్ కంప్యూటర్ ఉంది, విండోస్‌కి ముందు రకం. ఫోన్ లేదు. ఫోన్‌కి దరఖాస్తు పెట్టి ఏళ్లు కూర్చునే కాలం. కాబట్టి నేను మోడెమ్ బదులు బస్సు వాడాను. యునిక్స్‌లో యు.క్యు.డబ్ల్యు.కె. అని ఒక చిన్న ప్రోగ్రాం, అది నాకు కావలసిన గ్రూపుల్లోని కొత్త సందేశాలన్నీ ఒక మూటగా కట్టేది. ఆ మూటని ఫ్లాపీలోకి ఎక్కించి, బస్సెక్కి ఇంటికి తెచ్చి, యార్న్ అనే డాస్ ప్రోగ్రాంలో విప్పుకుని రాత్రంతా చదివేదాన్ని. జవాబులు మళ్లీ ఫ్లాపీలో పొద్దున్నే బస్సెక్కేవి. టిక్కెట్టుకి వచ్చే వేగం చూస్తే ఆ రోజుల మోడెమ్ కంటే నయమే.

ఒక వారం ఏమైందంటే, మూటలో మూడువందల సందేశాలుంటే మొదటి ఒక్కటే దిగింది, అదీ తోక తెగి. మిగతావి లేవంటుంది. ఫ్లాపీ పాడైందనుకుని మార్చాను. మళ్లీ అంతే. నాలుగు రోజులు తల పట్టుకున్నాక మూటని ఎడిటర్‌లో తెరిచి చూశాను. ప్రతి సందేశానికీ ముందు ఒక గీత ఉంటుంది: ఆర్‌న్యూస్ అని, పక్కన ఒక అంకె. అంటే ఇక్కడినుంచి ఇన్ని బైట్లు లెక్కపెట్టుకో, అయ్యాక తరువాతి సందేశం మొదలు. బస్తాకు కట్టిన చీటీ. యునిక్స్‌లో లైను చివర ఒకే గుర్తు, డాస్‌లో రెండు. నేను ఫ్లాపీలోకి ఎక్కించేటప్పుడు ఎంకాపీ అనే ఆజ్ఞకి, ఇది మామూలు అక్షరాల ఫైలే కదా అని, టెక్స్ట్‌గా మార్చమని చెప్పే చిన్న టీ చేర్చాను. నలభై లైన్ల సందేశంలో నలభై బైట్లు పెరిగాయి. చీటీ మీద అంకె పాతదే. యార్న్ చీటీ ప్రకారం లెక్కపెట్టుకుంటూ పోయి నలభై బైట్ల ముందే ఆగి, ఇక్కడ కొత్త చీటీ ఉండాలే, లేదేమిటి అని చేతులెత్తేసింది. ఫైలు చదవడానికి బాగానే ఉంది, కంటికి ఏ లోపమూ కనబడదు. తూకమే తప్పు. ఆ టీ అనే ఒక్క అక్షరం నాకు నాలుగు రోజుల ఖరీదు.

మోడెమ్‌తో దించేవాళ్లకి కూడా ఇదే వచ్చేది. ఫైళ్లు దించే పద్ధతుల్లో కెర్మిట్ ఒకటి, జీమోడెమ్ ఒకటి. కెర్మిట్‌తో దించేటప్పుడు బైనరీ, అంటే ఏ బైటూ మార్చకు, అని చెప్పకపోతే జిప్ ఫైలు విరిగేది. అందుకే నేను జీమోడెమ్ తప్ప ఇంకోటి వాడనివ్వలేదు ఎవరినీ.

బులెటిన్ బోర్డుల వాళ్లకి క్యు.డబ్ల్యు.కె. అనే మూట ఉండేది, 1987 నుంచి. అందులో ప్రతిదీ 128 బైట్ల గదులుగా కోసి ఉంటుంది. జవాబుల మూటకి ఆర్.ఇ.పి. అని తోక. దాంట్లో పెద్ద చిక్కులేమీ లేవు, మూట విప్పే పికెఅన్‌జిప్ ప్రోగ్రాం డాస్ వెతికే చోట ఉందో లేదో చూసుకుంటే చాలు. ఒక్కటే చిరాకు, సందేశం శీర్షికకు 25 అక్షరాలే చోటు. మన తెలుగు శీర్షికలు అక్కడ సగంలో తెగేవి.

తెలుగు అన్నాను కదా, ఆ మాట కూడా చెప్పాలి. అప్పట్లో సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అని న్యూస్‌గ్రూప్ ఉండేది. అందులో జనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు, రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు తయారుచేసిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో. చిన్న ఎల్ రాస్తే ల, పెద్ద ఎల్ రాస్తే ళ. చిన్న డి అయితే ద, పెద్ద డి అయితే డ. అందమైన ఫాంట్లతో తెలుగు పంపినవాళ్లూ ఉన్నారుగానీ, ఆ అక్షరాలకి ఎనిమిదో బిట్ కావాలి. దారిలో ఏ పాత యంత్రమో ఏడు బిట్లు చాలనుకుని ఎనిమిదోది కోసేస్తే ఉత్తరమంతా పిచ్చిగీతలు. ఆర్.టి.ఎస్. మాత్రం మామూలు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఎన్ని యంత్రాలు మారినా చెక్కుచెదరకుండా చేరేది. చూడటానికి ఏమీ బాగుండదు, నాకు మొదట్లో అసహ్యంగా కూడా ఉండేది. కానీ ఆ రోజుల తెలుగు చర్చలు ఇవాళ చదవగలుగుతున్నామంటే ఆ వికారపు రాత వల్లే.

అందులోనూ ఒక పెద్దాయన ఉండేవారు, తెలుగు మాస్టారు, రిటైరయ్యారు. టైపు మిషను అలవాటు కొద్దీ క్యాప్స్ లాక్ నొక్కే రాసేవారు. అన్నీ పెద్దక్షరాలైతే ఆర్.టి.ఎస్.లో ఏమవుతుంది? "వాదు వద్దు" అని రాస్తే "వాడూ వాడ్డూ" అయ్యేది. (నవ్వులు) అవతలివాళ్లు "ఎవడు?" అని పోట్లాటకు వచ్చారు. మాస్టారికి కోపం వచ్చి నన్ను పిలిపించారు, "నీ సాఫ్ట్‌వేర్ నా వ్యాకరణం పాడుచేస్తోంది" అని. నేను ఆయన కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీటను పీకి జేబులో వేసుకుని వచ్చేశాను. ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ మాస్టారికే ఇంకో చిక్కు. ఆయన న్యూస్‌గ్రూపులు చదవడానికి ఫోర్టే వారి ఫ్రీ ఏజెంట్ వాడేవారు. మంచి ప్రోగ్రాం. ముందు శీర్షికలు మాత్రం దించుతుంది, లైను పెట్టేసి తీరిగ్గా కావలసినవాటికి గుర్తు పెట్టుకుంటాం, రెండోసారి డయల్ చేస్తే గుర్తు పెట్టినవి మాత్రమే వస్తాయి. పెళ్లి భోజనంలో అన్నీ విస్తట్లో వేయించుకోకుండా అడిగి వేయించుకున్నట్టు. ఒకరోజు నుంచి ఆయనకు ఏమీ రావడం మానేశాయి. కనెక్ట్ అవుతోంది, గ్రూపు చూపిస్తోంది, "కొత్తవి లేవు" అంటోంది. "అందరూ నన్ను వెలివేశారామ్మా" అన్నారాయన, నిజంగానే బాధపడ్డారు.

వెలి కాదు, మళ్లీ పద్దే. న్యూస్ సర్వర్ ప్రతి గ్రూపులో తనకు వచ్చిన సందేశాలకు తనే వరుస నంబర్లు ఇస్తుంది. ఆ నంబర్లు ఆ సర్వర్‌కే సొంతం, పక్క సర్వర్‌లో అదే సందేశానికి వేరే నంబర్. మన ప్రోగ్రాం "ఈ గ్రూపులో ఫలానా నంబర్ దాకా చదివాను" అని రాసుకుంటుంది. మాస్టారు 41,000 దాకా చదివారు. అటువైపు సర్వర్‌ని మార్చి, నంబర్లు ఒకటినుంచి మొదలెట్టారు. ఇప్పుడు అక్కడ కొత్తది 212వది. 41,000 దాటినది ఏదైనా ఉందా అని ఇటు అడుగుతోంది, లేదని అటు చెబుతోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నేను చేసిందల్లా ఆ గ్రూపు వదిలేసి మళ్లీ చేరమనడం. పాత నంబరు చెరిగిపోయి సందేశాలన్నీ వరదలా వచ్చాయి. ఆయన మూడు వారాల కిందటి తగాదాలన్నిటికీ ఆ రాత్రే జవాబులు రాసి పంపారు. అవతలివాళ్లు ఎప్పుడో రాజీపడిపోయారు పాపం.

ఇక విండోస్ 3.1 నుంచి 95కి మారినవాళ్ల తలనొప్పి ఒక్క మాటలో చెబుతాను. విన్‌సాక్ అంటే విండోస్ ప్రోగ్రాములను ఇంటర్నెట్‌కి కలిపే ఫైలు. టాస్మానియాలో పీటర్ టట్టామ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్ లాంటిది లేకపోతే 3.1కి ఇంటర్నెట్ లేదు. 95కి తనదే ఇంకో విన్‌సాక్ ఉంది. రెండు ఫైళ్లకీ ఒకటే పేరు. పాత ప్రోగ్రాం ఏది ముందు కనబడితే దాన్ని పట్టుకుంటుంది. ఫైండ్‌లో విన్‌సాక్ డాట్ డిఎల్ఎల్ అని వెతికి, ఒకటే మిగిలేలా మిగతావాటి పేర్లు మార్చేదాన్ని. పది ఇళ్లలో ఏడు ఇళ్లకి ఆ ఒక్క పనికే వెళ్లానంటే నమ్మండి.

మెయిల్‌కి నేను ఎక్కువగా పెట్టింది యుడోరా. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ 1988లో రాశాడు. ఉత్తరాలన్నీ ఒకే మామూలు అక్షరాల ఫైల్లో వరుసగా పేరుస్తుంది, పక్కన టి.ఓ.సి. అనే విషయసూచిక. కరెంటు పోయి సూచిక చెడితే భయం లేదు, ఉత్తరాలు భద్రం. పాడైన సూచికను తీసేస్తే యుడోరా మళ్లీ మొదటినుంచి చదివి కొత్తది కట్టుకుంటుంది. అయితే ఇందులో ఒక గమ్మత్తుంది. ఉత్తరం డిలీట్ చేస్తే సూచికలోంచి పేరు పోతుందిగానీ, ఫైల్లో ఉత్తరం అలాగే ఉంటుంది, కాంపాక్ట్ చేసేదాకా. టి.నగర్‌లో ఒక ఇంట్లో సూచిక చెడింది. నేను ధైర్యంగా "ఏం కాదు పిన్నిగారూ" అని కొత్తది కట్టించాను. వాళ్లమ్మాయి ఆరు నెలలుగా తీసేసిన ఉత్తరాలన్నీ లేచి కూర్చున్నాయి. ఒకే అబ్బాయి పేరు, వరుసగా. పిన్నిగారు కళ్లజోడు కోసం లోపలికి వెళ్లారు. నేను ఆ పేరున్నవన్నీ పట్టి చెరిపి, కాంపాక్ట్ కొట్టి, "అయిపోయిందండీ" అన్నాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. మూడేళ్ల తరువాత ఆ పెళ్లికి నాకు శుభలేఖ వచ్చింది. అబ్బాయి పేరు చూసి నవ్వుకున్నాను. (చప్పట్లు)

తేదీల గొడవ కూడా చెప్పి అసలుదానికి వస్తాను. డాస్ ప్రోగ్రాములకు మన టైమ్ చెప్పాలంటే, కంప్యూటర్ మొదలవగానే చదివే ఆటోఎగ్జెక్ ఫైల్లో టి.జెడ్., అంటే టైమ్ జోన్, అని రాయాలి. మనం గ్రీన్‌విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు కదా, ప్లస్ 5:30 అనుకుంటాం. అక్కడ రాయాల్సింది మైనస్. ఆ రోజుల యునిక్స్‌వాళ్లు అమెరికాలో కూర్చుని గ్రీన్‌విచ్‌కి పడమటివైపు కలుపుతూ లెక్కపెట్టారు, మనకు తిరగబడింది. ప్లస్ పెడితే పదకొండు గంటల తేడా. సాయంత్రం ఆరుకు ఇక్కడ రాసిన ఉత్తరం మీద మర్నాడు పొద్దున ఐదు అని ముద్ర. ఒకాయన కొడుకు జవాబు రాశాడు, "నాన్నా, మీరు రేపు రాయబోయే ఉత్తరం ఇవాళే అందింది" అని.

అసలుది 1998 నాటిది. పెరంబూరులో ఒక బామ్మగారు. మనవడు డాలస్‌లో పుట్టాడు, ఫొటో పంపించారు. మూడు రోజులుగా ఆమెకు మెయిల్ ఏదీ పూర్తిగా రావడం లేదు. పైగా పాత ఉత్తరాలే మళ్లీ మళ్లీ దిగుతున్నాయి. ఒకే ఉత్తరం తొమ్మిదిసార్లు. "వాడికి మతిపోయిందేమోనని భయమేసిందమ్మా" అన్నారు.

పోస్టుపెట్టె పద్ధతి, పాప్3, ఇలా ఉంటుంది. మన ప్రోగ్రాం వెళ్లి ఒక్కో ఉత్తరం అడుగుతుంది, అందాక "చెరిపెయ్" అంటుంది. కానీ సర్వర్ వెంటనే చెరపదు, గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. చివర "క్విట్" అని మర్యాదగా సెలవు తీసుకున్నాకే నిజంగా చెరుపుతుంది. మధ్యలో లైను తెగిందా, ఆ గుర్తులన్నీ రద్దు. ఎందుకలా చేశారంటే, అందిందో లేదో తెలియని ఉత్తరాన్ని పోగొట్టడం కంటే రెండుసార్లు ఇవ్వడం మేలని. మా నాన్న కూడా అదే అనేవాడు, అనుమానం ఉంటే బస్తా ఎక్కువే పోనీ, తక్కువ పోకూడదని. కొన్ని ప్రోగ్రాములు ప్రతి ఉత్తరానికీ ఉండే గుర్తింపును రాసిపెట్టుకుని, దిగిందే మళ్లీ దిగకుండా చూసుకునేవి. బామ్మగారి దాంట్లో ఆ వసతి ఆన్ చేసి లేదు.

తెగడానికి కారణం ఆ ఫొటో. కొడుకు స్కాన్ చేసి, ఏమాత్రం కుదించని బి.ఎం.పి.గా పంపాడు. 1200 చుక్కలు అడ్డం, 800 నిలువు, చుక్కకి మూడు బైట్లు. 28,80,000 బైట్లు. మెయిల్‌లో పంపాలంటే దాన్ని మామూలు అక్షరాలుగా మార్చాలి, మూడు నాలుగవుతాయి. లైన్ల చివరి గుర్తులతో కలిపి 39 లక్షలు దాటింది. ఆ వీధిలో లైను 14,400కి మించి పట్టదు. పది బిట్లకో అక్షరం లెక్కన ముప్పావు గంట. లైనేమో ఇరవై నిమిషాలకోసారి తెగుతుంది. పాప్3కి సగంలోంచి అందుకోవడం తెలియదు, మళ్లీ మొదటికే. ఆ ఫొటో వెనక ఉన్న ఉత్తరాలేవీ ఎప్పటికీ రావు. ముందున్నవి ప్రతిసారీ వస్తాయి.

దారి ఒకటే. సర్వర్‌తో నేరుగా టైపు చేసి మాట్లాడే టెల్‌నెట్ తెరిచి, పాప్3 ఉండే 110వ పోర్టుకి చేతితో వెళ్లాను. యూజర్, పాస్, ఆపైన లిస్ట్. పదమూడో నంబరు ఎదురుగా ఆ పెద్ద అంకె. టాప్ అని అడిగితే ఉత్తరం పైభాగం మాత్రం చూపిస్తుంది, అదేనని తేల్చుకున్నాను. ఇక డెలీ 13 కొట్టాలి. బామ్మగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఏం చేస్తున్నావమ్మా?" "బాబు ఫొటో తీసేయాలి బామ్మగారూ, చిన్నదిగా మళ్లీ పంపమందాం." ఆమె కాసేపు మాట్లాడలేదు. "చూడకుండానే తీసేస్తావా?" అన్నారు. లైను మీద మీటరు తిరుగుతోంది, ఎప్పుడు తెగుతుందో తెలియదు. నేను తల దించుకుని డెలీ 13 కొట్టాను. సర్వర్ ప్లస్ ఓకే అంది. వెంటనే క్విట్ కొట్టాను, ఆమె ఇంకో మాట అనేలోపు.

ఆ రాత్రే అబ్బాయికి రాశాను, ఫొటోను బాగా కుదించే జెపెగ్‌గా మార్చి పంపమని. మర్నాడు వచ్చింది, ఒక్క నిమిషంలో దిగింది. ఆవిడ దాన్ని డెస్క్‌టాప్ మీద పరిచి పెట్టించుకున్నారు. నేను ఇచ్చిన చీటీ మీద మాత్రం ఆమె రాసుకుంది వేరే: "పెద్ద ఫొటో వస్తే ఆ పిల్లను పిలవాలి."

నా సమయం అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక యువకుడు: మా తాతగారి పాత హార్డ్‌డిస్క్‌లో డి.బి.ఎక్స్. ఫైళ్లున్నాయండీ, తెరవొచ్చా?)

అది అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, బాబూ. యుడోరా ఫైలైతే నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు, ఇది అలా కాదు, లోపల వేరే అల్లిక. అన్‌డిబిఎక్స్ అని ఉచితంగా ఒక పరికరం ఉంది, ఒక్కో ఉత్తరాన్ని విడిగా తీసిస్తుంది. ముందు మొత్తం కాపీ తీసుకో. అసలు ఫైలు మీద ఏ ప్రయోగమూ వద్దు.

(ఒక మహిళ: ఆ న్యూస్‌గ్రూపులు ఇప్పుడూ ఉన్నాయా?)

ఉన్నాయమ్మా. గూగుల్ గ్రూప్స్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌ని వదిలేసింది, పాతవి చూడనిస్తుంది అంతే. కానీ న్యూస్ సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంతో ఇవాళ రాత్రే చేరొచ్చు. మన తెలుగు గ్రూపులో చప్పుడు లేదు, అది వేరే సంగతి.

ఇంకొక్క మాట. యు.ఎస్.బి. ఫ్లాపీ డ్రైవ్ తెచ్చాను, ఆ బల్ల మీద పెట్టాను. పాత ఫ్లాపీలు తెచ్చినవాళ్లు టీ తాగుతూ వరుసలో రండి. ఇచ్చే ముందు మూల మీద గడి జరిపి రంధ్రం తెరిచి ఇవ్వండి, పొరపాటున నా చెయ్యి దానిమీద ఏమీ రాయకుండా.